ఫోన్‌లో నాన్న

గల్ఫ్‌లో పనిచేసే తండ్రికీ ఊళ్లో పెరిగే బిడ్డకూ మధ్య బంధం చాలావరకు ఫోన్ మాటల మీదే నడుస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల్లో ఇది ఏ ఒకటి రెండు ఇళ్ల సంగతో కాదు. కంపెనీ వీసా మీద పోయినవాళ్లకు రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు దొరకడం మామూలు. ఆ లెక్కన బిడ్డకు పదేళ్లు వచ్చేసరికి తండ్రి ఇంట్లో ఉన్న కాలం పది నెలలకు అటూఇటూగా తేలుతుంది. మిగిలిన తొమ్మిదేళ్ల పైచిలుకు నాన్నంటే ఫోన్‌లో గొంతు, తెర మీద మొహం.

కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే తల్లుల బిడ్డలది ఇదే లెక్క, ఇంకాస్త గట్టిగా. ఈసీఆర్ పాస్‌పోర్టు (విదేశీ పనికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని ముద్ర ఉన్నది) ఉన్న 30 ఏళ్లలోపు ఆడవాళ్లకు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లే అనుమతి ఇవ్వరు. కాబట్టి పద్ధతి ప్రకారం వెళ్లేవాళ్లలో చాలామంది అప్పటికే పిల్లల తల్లులు.

డబ్బు నెలనెలా వస్తుంది, ఫోన్ కూడా మోగుతూనే ఉంటుంది. అయినా మూడో ఏడో నాలుగో ఏడో వచ్చేసరికి తండ్రీబిడ్డల మధ్య మాట ఎండిపోతుంది. ప్రేమకు లోటుండదు, మాట్లాడే పద్ధతే దొరకదు. ఆ పద్ధతి నేర్చుకోవచ్చు, దానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

ముప్పై సెకన్ల ఫోన్

ఈ ఇళ్లలో రోజూ వినిపించే సంభాషణ ఇలా ఉంటుంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"బడికి పోయినవా?"

"పోయిన."

"మంచిగ చదువుకో."

"సరే."

"అమ్మకియ్యి."

ముప్పై సెకన్లలో అయిపోయింది. ఆ తర్వాత భార్యతో అరగంట: చిట్టీ కట్టాలి, బోరు మోటారు కాలింది, అన్న భూమి సంగతి ఎటూ తేల్చడం లేదు. ఆ అరగంటా పిల్ల పక్కనే కూర్చుని వింటుంది. నాన్నకు చెప్పుకోదగ్గ సంగతులంటే అవేనని, తన సంగతులు ఆ లెక్కలోకి రావని ఆమెకు అర్థమవుతుంది.

ఈ పిల్లకు నాన్నంటే ఇష్టం లేదా? ఉంది. మరి ఎందుకు మాట్లాడదు? అడిగినవన్నీ ఒక్క మాటతో తేలిపోయే ప్రశ్నలు కనుక. బడిలో హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అన్నట్టు ఫోన్‌లో "తిన్న", "పోయిన" అంటుంది. అవతల తండ్రేమో "నా బిడ్డ నాతో మాట్లాడతలేదు" అని రూంలో కుములుతుంటాడు. ఇద్దరిలో తప్పు ఎవరిదీ కాదు. మార్చాల్సింది ప్రశ్నను.

1. ఫోన్ వేళ పిల్లలకు తెలిసి ఉండాలి

దుబాయ్, అబుదాబి, మస్కట్‌లలో గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుంది. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్‌లలో రెండున్నర గంటలు వెనక. రియాద్‌లో సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగినవాడు బస్సులో క్యాంపు చేరి, స్నానం చేసి, పొయ్యి దగ్గర తన వంతు వచ్చేదాకా ఆగి, ఫోన్ పట్టుకునేసరికి ఎనిమిదవుతుంది. అప్పుడు ఊళ్లో పదిన్నర. ఐదో తరగతి పిల్లను నిద్రలేపి చెవి దగ్గర ఫోన్ పెడితే వచ్చేది "ఊఁ" ఒక్కటే. పోనీ సెలవు రోజు చూద్దామంటే అక్కడ శుక్రవారం, ఇక్కడ ఆదివారం. యూఏఈలో 2022 జనవరి నుంచి ప్రభుత్వ సెలవులు శని, ఆదివారాలకు మారాయి గానీ ప్రైవేటు కంపెనీలన్నీ ఆ దారిన రాలేదు.

పొద్దున వేళ చాలామందికి కుదురుతుంది. పిల్ల బడికి తయారయ్యే ఏడున్నరకు రియాద్‌లో ఐదు. సైటుకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడవచ్చు. జడ వేయించుకుంటూ పిల్ల ఇవతల మాట్లాడుతుంది. ఎదురెదురుగా చూసుకుంటూ మాట్లాడడంకన్నా ఏదో పని చేస్తూ మాట్లాడడం పిల్లలకు ఎప్పుడూ తేలికే.

ఎండాకాలం సంగతి వేరుగా చెప్పుకోవాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా యూఏఈలో మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. మిగతా గల్ఫ్ దేశాల్లోనూ వేళల తేడాతో ఇలాంటి నిబంధనలున్నాయి. దాంతో డ్యూటీ వేళలు జరుగుతాయి, వాటితో పాటు ఫోన్ వేళా జరుగుతుంది. పెద్దవాళ్లకు అది డ్యూటీ మారడం. పిల్లలకు మాత్రం రోజూ మోగే ఫోన్ ఆ రోజు మోగలేదు, అంతే. కారణం తమకు తోచినట్టు కల్పించుకుంటారు. ఆ కల్పనలో తప్పు దాదాపు ఎప్పుడూ తమదే అవుతుంది: "నిన్న నేను మాట్లాడలేదని నాన్నకు కోపమొచ్చింది." అందుకే వేళ మారే ముందే చెప్పాలి, పెద్దవాళ్లకే కాదు, పిల్లలకు కూడా.

ఇంట్లో పాత గోడగడియారం ఉంటే దాన్ని తండ్రి ఉన్న ఊరి వేళకు పెట్టి, పిల్లలకు అందే ఎత్తులో తగిలించవచ్చు. "నాన్న గడియారంలో ఇప్పుడు పన్నెండు, బువ్వ తింటుండు" అని ఆరేళ్ల పిల్లవాడు తనంతట తానే చెప్పడం మొదలుపెడతాడు. ఖర్చు ఒక్క బ్యాటరీ.

2. చిన్న సంగతి అడగాలి, గుర్తుపెట్టుకుని మళ్లీ అడగాలి

ఈ అధ్యాయంలో ఒక్కటే పాటించే ఓపిక ఉన్నవాళ్లు దీన్ని పాటిస్తే చాలు. "బడికి పోయినవా?" బదులు ఇలా అడిగి చూడాలి.

"ఇయ్యాల బడిల అన్నం తినేటప్పుడు నీ పక్కన ఎవ్వలు కూసున్నరు?"

"కొత్త పిల్ల అచ్చింది. ఆమె గుడ్డు తినదట, నాకిచ్చింది."

"మరి నువ్వు ఆమెకేమిచ్చినవ్?"

ఇక్కడి నుంచి మాట దానంతటదే నడుస్తుంది. కానీ అసలు పని ఫోన్ పెట్టేశాక ఉంది. మంచం తలగడ కింద పది రూపాయల నోట్‌బుక్ ఒకటి ఉంచుకుని అందులో "కొత్త పిల్ల, గుడ్డు" అని రాసుకోవాలి. మూడు రోజుల తర్వాత "ఆ గుడ్డు తినని పిల్ల మళ్లచ్చిందా?" అని అడిగితే అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత పిల్ల ఆగకుండా చెబుతుంది. తను చెప్పింది అంత దూరంలో ఒకరు దాచుకున్నారని తెలియడం ఏ బొమ్మకూ తీసిపోని కానుక.

నోట్‌బుక్‌లో ఏం ఉండాలి? దోస్తుల పేర్లు, వాళ్లలో ఎవరితో కచ్చి అయిందో, లెక్కల సారు పేరు, ఈనిన బర్రె సంగతి, పంటి కదలిక, బతుకమ్మకు కావాలన్న లంగా రంగు. మార్కులు కూడా రాసుకోవచ్చు, కానీ చివర్న. చదవడం రాయడం రాని తండ్రి వాయిస్ మెసేజ్‌ను తన నంబరుకే పంపుకుని దాచుకోవచ్చు.

"ఎందుకు?" అనే మాట ఫోన్‌లో వీలైనంత తగ్గించాలి. "ఎందుకు తక్కువ మార్కులచ్చినయ్?" అంటే ఎదురుగా ఉన్నప్పుడు ప్రశ్నలా వినిపించేది ఫోన్‌లో కోర్టు విచారణలా వినిపిస్తుంది. మొహం కనిపించదు, భుజం మీద చెయ్యి పడదు. "ఆ పేపర్ల ఏది కష్టమనిపించింది?" అంటే అదే సంగతి బయటికొస్తుంది.

3. తన సంగతి కూడా చెప్పాలి

పిల్లలు మాట్లాడాలంటే పెద్దవాళ్లూ మాట్లాడాలి. చాలామంది తండ్రులు తాము చేసే పని పిల్లలకు చెప్పరు. నామోషీ. బుర్జ్ ఖలీఫా ముందు చలువ కళ్లద్దాలు పెట్టుకుని దిగిన ఫొటో ఒకటి పంపుతారు. ఇక పిల్లవాడి లెక్కలో నాన్న ఆ బిల్డింగులోనే ఉంటాడు. అలాంటి నాన్న సైకిల్ కొనివ్వడానికి ఆరు నెలలు ఆగమంటే ఎలా నమ్ముతాడు? అబద్ధం ఆడింది ఎవరో కాదు, ఆ ఫొటోయే.

రూం చూపించవచ్చు: పైమంచం, కిందిమంచం, గోడకు కొట్టిన మేకుకు వేలాడే హెల్మెట్, మంచం కింది పెట్టె. పక్క మంచం మీది బిహార్ మనిషి రొట్టెలు ఎలా చేస్తాడో, వంటవంతు తనదైన రోజు పప్పు ఎలా మాడిందో చెప్పవచ్చు. మాడిన పప్పు కథ పిల్లలు పదిసార్లు చెప్పించుకుంటారు.

చెప్పకూడనివి కొన్ని. అప్పు ఎంత మిగిలిందో, జీతం ఎన్ని నెలలు ఆగిందో, మేనేజర్ ఏమని తిట్టాడో ఎనిమిదేళ్ల బిడ్డకు అక్కర్లేదు. "మీకోసమే ఇంత కష్టపడుతున్న" అనే మాటను పూర్తిగా మానుకోవాలి. నిజమే కావచ్చు, కానీ ఆ మాట విన్న పిల్లలు కృతజ్ఞతకన్నా ముందు తప్పుచేసిన భావన మోస్తారు. ఆ తర్వాత తమ కష్టం చెప్పుకోరు.

4. మధ్యలో ఉన్న మనిషి

ఫోన్ పట్టుకుని ఇచ్చేది తల్లో నానమ్మో అమ్మమ్మో. మాట నిలవడం, తెగడం సగం వీళ్ల చేతిలో ఉంది. తెలియక చేసే పొరపాట్లు ఇవి.

స్పీకర్ పెట్టడం. అందరూ వింటుంటే పిల్లలు అందరికీ నచ్చే మాటలే చెబుతారు. రోజుకు ఐదు నిమిషాలైనా ఫోన్ వాళ్ల చేతికిచ్చి పక్కకు తప్పుకోవాలి.

మాటలు అందించడం. "నాన్నకు ముద్దు పెట్టు, ఐ లవ్యూ చెప్పు, చాక్లెట్లు తెమ్మను." ఇది మాట్లాడడం కాదు, పాఠం అప్పజెప్పడం. ఆ రోజు పిల్లవాడికి మాట్లాడబుద్ధి కాకపోతే "ఆడుకుంటుండు, రేపు మాట్లాడతడట" అంటే సరిపోతుంది.

అన్నింటికన్నా చేటు చేసేది బెదిరింపు. "ఉండు, మీ నాన్న ఫోన్ చెయ్యనియ్యి, చెప్త నీ పని." ఈ మాట పడ్డ ఇంట్లో ఫోన్ మోగగానే పిల్లలు బయటికి పరుగెత్తుతారు. తండ్రి కూడా, ఏం జరిగిందో పూర్తిగా తెలియకుండానే, భార్య మాట నిలబెట్టడానికి తిడతాడు. తిట్టు వెంటనే చేరుతుంది. కానీ తిట్టిన సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి పెట్టే వీలు ఫోన్‌కు లేదు. పిల్లల తప్పులు ఇంట్లో ఉన్నవాళ్లే సరిదిద్దాలి. దూరంగా ఉన్న మనిషికి విడిగా, పిల్లలు విననప్పుడు చెప్పాలి. అత్తాకోడళ్ల ఫిర్యాదులకూ ఇదే నియమం.

5. వయసును బట్టి

ఏడాదిన్నరలోపు పిల్లలకు తెరలు చూపించవద్దని చెప్పే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016 సూచనల్లో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఉంది. అంటే చంటిబిడ్డకు రోజూ నాలుగు నిమిషాలు నాన్న మొహం చూపించడంలో తప్పులేదు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లతో మాటకన్నా ఆట నయం: తెర ముందు నుంచి తప్పుకుని మళ్లీ కనిపించడం, రూంలోని వస్తువు చూపించి రంగు అడగడం. బడి వయసు పిల్లలకు నోట్‌బుక్ పద్ధతి.

పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లు వీడియో అంటే మొహం తిప్పుకుంటారు. బలవంతం పనికిరాదు. ఆ వయసులో రాతే దగ్గరి దారి. మ్యాచ్ నడుస్తుంటే స్కోరు మీద ఒక మాట, కాలేజీ బస్సు దొరికిందా అని ఒక మాట. జవాబుగా వేలెత్తిన బొమ్మ ఒక్కటే వచ్చినా దాన్ని జవాబు కిందే లెక్కవేసుకోవాలి.

6. గొంతు దాచి పంపడం

ఇళ్లలో ఫోన్లు లేని 1980లలో గల్ఫ్ మనుషులు టేప్‌రికార్డర్ ముందు కూర్చుని క్యాసెట్ నిండా మాట్లాడి, ఊరికి పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వినేది, మళ్లీ తిప్పి వినేది. లైవ్‌లో మాట్లాడే వీలొచ్చాక ఆ సుఖం మరుగున పడింది. వాయిస్ మెసేజ్ అచ్చంగా ఆ క్యాసెట్టే.

యూఏఈలో వాట్సాప్ కాల్స్‌ను చాలాకాలంగా అనుమతించలేదు. అందుకే క్యాంపుల్లో బోటిమ్ లాంటివి ఎక్కువ. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌కు మాత్రం ఆ అడ్డు లేదు. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల కథ చెప్పి పంపితే పిల్లలు దాన్ని పదిసార్లు వింటారు. నెట్ పోయిన రోజు కూడా వింటారు. కథ పెద్దదై ఉండనక్కర్లేదు, "మా నాయిన నన్ను సంతకు తోలుకపోయిన రోజు" అనే పాటి చాలు.

కువైట్ ఇళ్లలో పనిచేసే తల్లులకు ఈ దారి మరీ అవసరం. పగలు ఫోన్ ముట్టుకోనివ్వని ఇళ్లున్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకు వంటగది కడిగి ఫోన్ తీస్తే ఇక్కడ పన్నెండు. ఆ వేళకు రాయచోటిలో బిడ్డ నిద్రలో ఉంటాడు. తల్లి అప్పుడు మాట్లాడి పంపిన రెండు నిమిషాలు పొద్దున లేవగానే వింటాడు, బడి నుంచి వచ్చి తన మాట తిరిగి పంపుతాడు. ఒకరి మాట ఒకరికి కొన్ని గంటలు ఆలస్యంగా చేరినా సంభాషణ సాగుతుంది.

ఇంకొక కష్టమైన సంగతి ఉంది. ఆ తల్లి ఫోన్ వెనక ఆ ఇంటి పిల్లల గోల వినిపిస్తుంది. "మా అమ్మ మమ్మల్ని వదిలి వేరే పిల్లల్ని చూసుకుంటోంది" అని బిడ్డ మనసులో పడిపోతుంది, బయటికి రాదు. చాలామంది తల్లులు ఆ పిల్లల ఊసే ఎత్తకుండా దాస్తారు. దాచినకొద్దీ అనుమానం పెరుగుతుంది. "వాళ్లకు అన్నం పెట్టడం నా పని నాయనా, దానికి జీతమిస్తారు. నీకు పెట్టడం పని కాదు" అని ఒకసారి నేరుగా చెప్పేయడం మేలు. బిడ్డ ఏడవవచ్చు. ఏడవనివ్వాలి, ఫోన్ పెట్టేయకూడదు.

7. "ఎప్పుడొస్తవ్?"

ఈ ప్రశ్నకు "వచ్చే నెల" అనడం చాలా తేలిక. పండగకు వస్తానన్న తండ్రి రాకపోతే పిల్ల తర్వాతి మాటను సగమే నమ్ముతుంది. మూడోసారికి అడగడమే మానేస్తుంది. అడగడం లేదు కదా, అలవాటు పడిందని పెద్దలు సంతోషిస్తారు.

సెలవు తేదీ నిజానికి తండ్రి చేతిలో ఉండదు. కంపెనీయో, వీసా ఇచ్చిన యజమాని అయిన కఫీలో ఒప్పుకోవాలి, టికెట్ రావాలి, బదులు మనిషి దొరకాలి. అదే మాట పిల్లలకు అర్థమయ్యేలా చెప్పవచ్చు: "సెలవు అడిగిన. మేనేజర్ సంతకం పెట్టాలె. పెట్టంగనే మొదట నీకే చెప్త." చెప్పిన మాట ప్రకారం మొదట ఆ పిల్లకే చెప్పాలి, బావమరిదికి కాదు.

తిరిగి వెళ్లేటప్పుడు జరిగే పొరపాటు ఇంకా పెద్దది. పిల్లలు ఏడుస్తారని, వాళ్లు నిద్రపోయాక అర్ధరాత్రి చప్పుడు చేయకుండా బండెక్కి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోతారు. పొద్దున లేచేసరికి పక్క ఖాళీ. ఆ తర్వాత వారాల తరబడి ఆ పిల్లవాడు నిద్రకు భయపడతాడు, తల్లి కొంగు వదలడు. రెండు రోజుల ముందే చెప్పి, పెట్టె సర్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చొక్కా ఒకటి పెట్టెలో వాడి చేతే పెట్టించాలి. ఏడుపు ఎటూ తప్పదు. చెప్పి వెళ్తే ఏడుపుతోనే పోతుంది.

8. సెలవుకు వచ్చినప్పుడు

ఎదురుగా నిలబడ్డ మనిషిని వదిలి, నాన్న ఏడంటే ఫోన్ వైపు వేలు చూపించే రెండేళ్ల పిల్లలు ఈ ఊళ్లకు కొత్త కాదు. ఎయిర్‌పోర్టులోనే ఎత్తుకోవాలని చూస్తే నానమ్మ చీర వెనక దాక్కుంటారు. నలుగురి ముందు ఆ మాత్రం అవమానం భరించలేక కొందరు తండ్రులు బలవంతంగా లాక్కుంటారు. వద్దు. ఫోన్‌లో ఏ మాటతో పిలిచేవాడో అదే మాటతో, అదే గొంతుతో, కొంచెం దూరంగా కూర్చుని పిలవాలి. గొంతు ముందు గుర్తుపడతారు, మొహం తర్వాత.

వచ్చిన మొదటి పది రోజులు చుట్టాలతో, దావత్‌లతో గడిచిపోతాయి. అరవై రోజుల్లో పది అంటే తక్కువేమీ కాదు. అందులో రోజుకో గంట పిల్లలది. బడికి దింపడం, బావి దగ్గర ఈత, కిరాణా కొట్టుకు వెంట తీసుకుపోవడం చాలు. నోట్‌బుక్‌లో పేర్లు రాసుకున్న తండ్రి బడి గేటు దగ్గర "ఆ గుడ్డు తినని పిల్ల ఏది?" అని అడగగలడు.

మాటతో తీరనిది

కొన్నిసార్లు ఫోనే ఆగిపోతుంది. వీసా గడువు దాటి ఖల్లివెల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా, మిగిలినవాళ్లు, జైల్లో పడ్డవాళ్లు, ప్రమాదంలో ఆసుపత్రి పాలైనవాళ్లు ఉంటారు. ఇంట్లో పెద్దలు గుసగుసలాడుతుంటే పిల్లలు అసలు సంగతికన్నా ఘోరమైనది ఊహించుకుంటారు. వివరాలన్నీ అక్కర్లేదు. "నాన్న దగ్గర ఇప్పుడు ఫోన్ లేదు. పెద్దవాళ్లం ఎంబసీకి రాసినం. తెలిసిన రోజే నీకు చెప్త" అంటే చాలు. అలాంటి ఫిర్యాదులకు విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్ ఉంది. కుటుంబ సభ్యులు ఊరి నుంచే నమోదు చేయవచ్చు.

మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, రోజుల తరబడి అన్నం ముట్టకపోవడం, బడికి పోనని మొండికేయడం, దోస్తులను వదిలేసి మూలన కూర్చోవడం రెండు వారాలు దాటితే ఆ బాధ ఫోన్ మాటలతో తీరేది కాదు. ముందు బడిలో పంతులుతో మాట్లాడాలి, తర్వాత డాక్టరుకు చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టాల్సిన పనిలేదు.